నేను గోదావరిని పంజాబులో పారించిన ఏడు

నా చిన్నప్పుడు నాకు ఒక్కచోట కూర్చోవడం చేతనయ్యేది కాదు. బెంచీ మీద కూర్చుంటే కాలు ఊగేది. కాలు ఆపుకుంటే వేళ్ళు బల్ల మీద దరువు వేసేవి. పెన్సిలు చెక్కుకోవాలనో, మంచినీళ్ళు తాగాలనో, చెత్తబుట్టలో కాగితం వెయ్యాలనో గంటకి నాలుగుసార్లు లేచేదాన్ని. "నీ కాళ్ళకి ఎవరైనా మోటారు బిగించారేంటే" అని మా అమ్మ నవ్వేది. కానీ ఐదో తరగతి చదివిన ఏడు మాత్రం అది అల్లరి కాదు. లోపల ఒక భయం తిరుగుతూ ఉండేది. దాన్ని కుదురుగా కూర్చోబెట్టలేక నేనే కూర్చోలేకపోయేదాన్ని.

అప్పుడు మేము గల్ఫులోని అజ్మాన్‌లో ఉండేవాళ్ళం. డెబ్బైల చివరి సంవత్సరాలు. ఒకవైపు సముద్రం, మూడువైపులా ఇసుక, ఎటు చూసినా సగం లేచిన గోడలు. మా అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఆవిడది నరసాపురం దగ్గర పల్లె. నాన్న రాస్ అల్ ఖైమా కొండల్లో రాళ్ళ క్వారీలో మెకానిక్కు. కంపెనీ క్యాంపులోనే ఉండి, గురువారం సాయంత్రం ఎవరిదో లారీ పట్టుకుని వచ్చి, సెలవురోజైన శుక్రవారం ప్రార్థనా, భోజనమూ అయ్యాక మళ్ళీ వెళ్ళిపోయేవాడు. వచ్చినప్పుడు జుట్టులో, చెవుల వెనక, కనుబొమల మీద తెల్లటి రాతిపొడి ఉండేది. మిగతా వారమంతా ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే.

మా బడి ఒక అద్దె విల్లాలో నడిచేది. హాల్లో ఒకటో తరగతి, ఒకప్పటి వంటింట్లో రెండో తరగతి. మేడ మీద మూల గది మాది, ఐదో తరగతి. బడిలో మేమే అందరికన్నా పెద్దవాళ్ళం. గంట మేమే కొట్టేవాళ్ళం, చిన్నపిల్లల్ని చెయ్యి పట్టుకుని బస్సెక్కించేది మేమే. అంత పెద్దరికం ఉన్నా ఆ గదిలో ఎవరికీ స్థిమితం ఉండేది కాదు. ఎందుకంటే ఆ బడి ఐదో తరగతితో ఖలాస్. ఆరో తరగతి లేదు. షార్జాలో పెద్ద బడి ఉందనేవారు గానీ అక్కడి బస్సు మా ఊరి దాకా వచ్చేది కాదు. కొంతమంది పిల్లలు కేరళలో అమ్మమ్మల దగ్గరికి, ఒకరిద్దరు గోవా బోర్డింగు బడికి, కొందరు తల్లులతో సహా సొంత ఊళ్ళకి. మార్చి దాటితే ఎవరు ఎక్కడుంటారో ఎవరికీ తెలియదు. ఆటల మధ్యలో కూడా "నువ్వెక్కడికి" అని ఒకరినొకరు అడిగేవాళ్ళం.

నన్నడిగితే "తెలీదు" అనేదాన్ని. అది అబద్ధం. అమ్మా నాన్నా మాట్లాడుకుంటుంటే "హాస్టలు", "సీటు", "జూన్" అనే మాటలు నా చెవిన పడ్డాయి. నేను గదిలోకి అడుగుపెట్టగానే ఇద్దరూ మాట మార్చేవాళ్ళు. పెద్దమ్మ రాసిన నీలం ఉత్తరంలో, నరసాపురంలో అమ్మ చదువుకున్న మిషన్ హాస్టలు పేరు కూడా చూశాను. వాళ్ళు నాతో ఏమీ అనలేదు. నేనూ వాళ్ళని ఏమీ అడగలేదు. మా ఇంట్లో ప్రేమ లేక కాదు. కష్టమైన మాట ఎవరు ముందు ఎత్తితే వాళ్ళే దాన్ని నిజం చేసినట్టు అవుతుందని ముగ్గురమూ అనుకునేవాళ్ళం కాబోలు.

మా క్లాసు టీచరు హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చినావిడ. ఇంట్లో ఉర్దూ, బళ్ళో ఇంగ్లీషు, నాతో మాత్రం తెలుగు మాట్లాడేది. ఆ తెలుగు మా అమ్మ తెలుగులా ఉండేది కాదు, నాకు మొదట్లో వింతగా ఉండేది. మనిషి పొడుగ్గా, పల్చగా ఉండేది. ఆవిడ కూడా ఒక్కచోట నిలిచేది కాదు. కుర్చీ ఉందన్నమాటే గానీ అందులో పుస్తకాలే కూర్చునేవి. అరబిక్ తప్ప అన్నీ తనే చెప్పేది. భిన్నాలు చెప్పాలంటే నిమ్మకాయలు కోసేది. చుట్టుకొలత చెప్పాలంటే తాడిచ్చి మమ్మల్ని మైదానం చుట్టూ తిప్పేది.

నవంబరులో ఎండ కాస్త తగ్గాక ఒకరోజు మా అందరినీ కిందికి తీసుకెళ్ళి, బడి వెనక ఇసుకలో ఇండియా పటం గియ్యమంది. పన్నెండు అడుగుల పటం. కొండలకి ఇసుక కుప్పలు, ఎడారికి ఏమీ చెయ్యక్కర్లేదని అందరం నవ్వుకున్నాం. నదులకి వేలితో చాళ్ళు తీశాం. అప్పుడు మిస్ ఒక పెద్ద టీ కేటిల్ నా చేతికిచ్చి, "నువ్వు గోదావరి పిల్లవు, పైగా కాలు నిలవదు. నది నువ్వే. పోయి నీళ్ళు తే" అంది.

కేటిల్‌తో నాసిక్ దగ్గర పోయడం మొదలుపెట్టాను. నీళ్ళు తెలంగాణ దాకా కూడా రాకుండానే ఇసుక తాగేసింది. మళ్ళీ కొళాయి దగ్గరికి పరుగెత్తాను. మళ్ళీ ఇంకిపోయింది. గంగా యమునా పట్టుకున్న పిల్లలు విసిగి మధ్యలో వదిలేశారు. నేను వదల్లేదు. ఆరో కేటిల్‌కి నీళ్ళు నల్లటి గీతలా పాకి, మా ఊరి దగ్గర సముద్రంలో కలిశాయి. ఆ రోజు నేను ఎంత అరిచానంటే కిందగదుల్లోంచి చిన్నపిల్లలు కిటికీల దగ్గరికి వచ్చారు.

అది జరిగిన వారానికే నా పక్కన కూర్చునే బొంబాయి పిల్ల నాకొక సంగతి చెప్పింది. రెండేళ్ళ కిందట ఒక అమ్మాయి ఫెయిలయిందట. వాళ్ళమ్మా నాన్నా ఆమెని ఎక్కడికీ పంపలేక మళ్ళీ ఏడాది ఇక్కడే ఐదులో కూర్చోబెట్టారట. బొంబాయి పిల్ల అది జాలిగా చెప్పింది. నాకు మాత్రం చీకటి గదిలో ఎవరో తలుపు తీసినట్టయింది. ఫెయిలయితే ఇక్కడే ఉండొచ్చు! ఇంత తేలికైన దారి ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదా అనుకున్నాను.

క్రిస్మస్ సెలవులకి ముందు అర్ధసంవత్సర పరీక్షలు. తప్పు రాయడం అంత తేలికేం కాదని ఆ వారం నాకు తెలిసింది. పిచ్చిగా రాస్తే పట్టుబడిపోతాను. చదవని పిల్ల ఎలా పొరపడుతుందో సరిగ్గా అలాగే పొరపడాలి. అంటే ముందు సరైన జవాబు మనసులో చేసుకోవాలి, తర్వాత దాన్ని కొంచెం పక్కకి జరపాలి. మూడు బై నాలుగు, ఒకటి బై రెండు కూడమంటే పైవి పైవీ కిందవి కిందవీ కలిపి నాలుగు బై ఆరు అని రాశాను. ఇంగ్లీషులో తెలిసిన మాటకే ఒక అక్షరం తీసేశాను. సోషల్లో ఇండియా పటమిచ్చి నదుల పేర్లు రాయమన్నారు. సట్లెజ్ ఉండాల్సిన చోట, పంజాబులో, గోదావరి అని రాశాను. రాస్తుంటే చెయ్యి ఆగింది. అయినా రాశాను. మిగతా పిల్లలు ముందే కాగితాలిచ్చి వెళ్ళిపోతుంటే నేను గంట కొట్టేదాకా కూర్చునే ఉన్నాను. ఆ ఏడు నేను అంతసేపు కదలకుండా కూర్చుంది ఆ పరీక్షల్లోనే.

సెలవులయ్యాక మిస్ అందరి కాగితాలూ ఇచ్చేసింది. నాది ఇవ్వలేదు. విరామం గంట కొట్టగానే అందరూ కిందికి ఉరికారు. నేనూ లేచాను.

"నువ్వు ఆగు బేటా," అంది మిస్. కుర్చీలో పుస్తకాలు తీసి కింద పెట్టింది. "ఇట్ల రా. నా కుర్చీల కూర్చో."

నా చేతికి ఎర్ర పెన్ను ఇచ్చి నా సోషల్ పేపరు, లెక్కల పేపరు ముందు పెట్టింది. "దిద్దు" అని మాత్రం అంది. కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడింది.

దిద్దాను. ఒక్కొక్క దానికీ ఇంటూ పెట్టుకుంటూ పోయాను. చివర్న మార్కులు ఎన్ని అని అడిగింది. సున్నా అన్నాను. అయితే ఇప్పుడు పక్కన సరైనవి రాయమంది. తెలియదని చెప్పి ఉండొచ్చు. కానీ ఆ కుర్చీలో కూర్చుని, ఆ పెన్ను పట్టుకుని, నాకు ఆ మాట నోటికి రాలేదు. చెయ్యి దానంతటదే రాసుకుపోయింది.

మిస్ గోడ గడియారం చూసింది. "ఎంతసేపయింది?"

"పది నిమిషాలు మిస్."

"పరీక్షల ఎంతసేపు కూర్చున్నవ్?"

"రెండు గంటలు."

"తప్పు రాయనీకి రెండు గంటలు, సరిగ్గ రాయనీకి పది నిమిషాలు. ఎంత కష్టపడ్డవే బిడ్డా!" ఆవిడ గొంతులో వెక్కిరింత ఏమాత్రం లేదు. నిజంగానే జాలిపడింది. "ఒక్కటి కూడ ఒప్పు రాకుండ రాయాల్నంటే అన్నీ తెలిసుండాలె. అది వదిలెయ్. ఆరు కేటిళ్ళ నీళ్ళు మోసిన పిల్ల గోదావరిని తీస్కపోయి పంజాబుల పారిస్తదా?"

నేను ఏడ్చేశాను. ఎక్కిళ్ళ మధ్యలో అన్నీ చెప్పేశాను. హాస్టలు సంగతి, నీలం ఉత్తరం, ఫెయిలయి ఇక్కడే ఉండిపోయిన అమ్మాయి. అంతా అయ్యాక మిస్ తన పైట చెంగుతో నా ముక్కు తుడిచి అడిగింది.

"నువ్వు ఫెయిలయితే మీ అమ్మ ఏమనుకుంటదో ఆలోచించినవా? ఇక్కడ చదువు సాగుతలేదు, జల్ది పంపియ్యాలె అనుకుంటది."

నేను గతుక్కుమన్నాను. అంత చిన్న సంగతి, నాకు తట్టనే లేదు.

"పోవుడు నీకు ఇష్టం లేదని మీ అమ్మకు ఎరుకేనా?"

"తెలిసే ఉంటుంది మిస్."

"చెప్పినవా?"

"లేదు."

"మరి ఎట్ల తెలుస్తది?" అంది. తర్వాత ఆ రెండు కాగితాలూ మడిచి బల్ల సొరుగులో పెట్టింది. "ఇవి నా దగ్గర ఉంటయి. మీ అమ్మకు నేను చెప్ప. నువ్వే చెప్పాలె. ఎప్పుడు చెప్తవో నీ ఇష్టం."

అమ్మకి చెప్పేస్తానని ఆవిడ బెదిరించి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. రెండు దెబ్బలతో అయిపోయేది. ఆవిడ నా చేతికి వదిలెయ్యడంతో నా అవస్థ వర్ణించలేను. రోజూ బస్సు దిగేటప్పుడు ఈ రోజు చెప్పేద్దాం అనుకునేదాన్ని. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి తెల్లబూట్లు విప్పుకుంటూ ఆసుపత్రి కబుర్లు చెప్పేది. ఆ నవ్వు మొహం చూసి రేపు చెబుదాంలే అనుకునేదాన్ని. నిలబడితే కూర్చోవాలని, కూర్చుంటే లేవాలని. పరీక్ష ఎలా రాశావని అమ్మ అడిగితే, మిస్ పేపర్లు ఇంకా ఇవ్వలేదని చెప్పాను. అది మాట వరకు నిజమే.

ఆ తర్వాత వారం ఇంగ్లీషు క్లాసులో ఉత్తరాలు రాయడం వచ్చింది. పుస్తకంలో ఉన్నది సెలవుచీటీ. మిస్ పుస్తకం మూసేసింది. ప్రతివాళ్ళూ ఒక నిజం ఉత్తరం రాయాలంది. నిజంగా ఉన్న మనిషికి, నిజంగా మీకు కావలసిన దాని గురించి. ఆ మనిషి ఇవ్వగలిగిందే అడగాలి. కావలసింది మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఎందుకు కావాలో తర్వాత చెప్పాలి. ఒక్క అబద్ధం కూడా ఉండకూడదు. ఆ ఉత్తరాలు ఆ మనుషులకి చేరుతాయని, వాళ్ళు కాదన్నా అవునన్నా ఆ జవాబు క్లాసులో చెప్పాలని అంది. "నేను కూడ ఒకటి రాస్త," అని తనూ ఒక కాగితం తీసుకుంది. ఎవరికని అందరం అడిగాం. చెప్పలేదు.

గది గదంతా గోలగోల. బొంబాయి పిల్ల మా బస్సు డ్రైవరుకి రాసింది. ఆయన పఠాన్. వాళ్ళింటి ముందుకొచ్చి పొద్దున్నే గట్టిగా హారన్ కొడితే నెలల పసికందు తమ్ముడు లేచి ఏడుస్తున్నాడు, కొట్టొద్దు అని రాసింది. ఆయనకి ఎవరో చదివి వినిపించారట. మర్నాడు బస్సు వాళ్ళింటి ముందు చప్పుడు చెయ్యకుండా ఆగింది. పిల్ల ఎక్కగానే ఆయన "బచ్చా సోగయా?" అని, తమ్ముడు పడుకున్నాడా అన్నట్టు, గుసగుసగా అడిగాడు. రోజూ "యల్లా యల్లా", తొందరగా రండి అని మా మీద కేకలేసే మనిషి! బస్సులో అందరం నోళ్ళు వెళ్ళబెట్టి చూశాం. ఇంకొకడు నాన్నని ఫుట్‌బాల్ అడిగాడు. ఇప్పుడు వీలుకాదు, ఊళ్ళో చెల్లెలి పెళ్ళి ఉందని వాళ్ళ నాన్న రాసిన జవాబు క్లాసులో చదివాడు. చదివేటప్పుడు వాడి మొహం ముడుచుకుంది గానీ, కాసేపటికి వాళ్ళత్త పెళ్ళి గురించి వాడే గర్వంగా చెప్పడం మొదలుపెట్టాడు. "కాదని చెప్పిన్రు, ఎందుకు కాదో కూడ చెప్పిన్రు. అది కూడ జవాబే" అంది మిస్.

నాలుగు రోజులైనా నా కాగితం ఖాళీగానే ఉంది. ఎవరికి రాయాలో తెలుసు. మొదటి వాక్యమూ తెలుసు. ఇంగ్లీషులో రాస్తే అది వేరే ఎవరి ఉత్తరమో అనిపించేది. చించేసేదాన్ని. చెత్తబుట్ట దాకా వెళ్ళడం, రావడం. ఐదో రోజు, క్లాసు మధ్యలో లేచి మిస్ దగ్గరికి వెళ్ళి, తెలుగులో రాయొచ్చా అని అడిగాను. నాకు తెలుగు రాత బళ్ళో నేర్పలేదు. శుక్రవారం ప్రార్థనలో అమ్మ పక్కన కూర్చుని పాటల పుస్తకంలో వేలు పెట్టి చదువుతూ నేర్చుకున్నదే.

"నాకు మాట వస్తది గాని అక్షరం రాదు. నేను దిద్దలేను. దిద్దకుండనే పోతది మరి, సరేనా?"

సరే అన్నాను. ఆ గంటలోనే రాసేశాను. దాదాపు ఇలా ఉంటుంది, తప్పులు మాత్రం ఇంతకంటే చాలా ఎక్కువ.

"అమ్మా, నన్ను హాస్టల్‌కి పంపొద్దు. నాకు నీ దగ్గర ఉండాలని ఉంది. ఎందుకంటే నువ్వు డ్యూటీ నించి వచ్చి బూట్లు విప్పుకుంటా ఆసుపత్రి సంగతులు చెప్తావు. అక్కడ నాకు ఎవరూ చెప్పరు. నేను పరీక్షలో కావాలనే తప్పులు రాశాను. ఫెయిలయితే పంపరు అనుకున్నాను. అబద్ధం ఉండకూడదని మిస్ చెప్పింది అందుకని ఇది కూడా రాస్తన్నాను."

గురువారం ఒంటిపూట బడి. ఆసుపత్రి అక్కడికి దగ్గరే. మిస్ నన్ను వెంటబెట్టుకుని నడిచింది. ఉత్తరం తనే తీసుకెళ్ళి ఇస్తుందనుకున్నాను. "ఇది రాసిన చెయ్యే ఇయ్యాలె" అంది.

అమ్మ సూదుల గదిలో ఉంది. గుమ్మం దాకా వరస. సిమెంటు మరకల బట్టలతో మనుషులు చొక్కా చేతులు పైకి మడిచి నిలబడి ఉన్నారు. నన్నూ మిస్‌నీ చూడగానే అమ్మ మొహం పాలిపోయింది.

"ఏమైందండీ టీచర్ గారూ? పడిపోయిందా? ఏం చేసింది?"

"గాబరా పడకండి సిస్టర్. ఏం కాలేదు. మీ బిడ్డ మీకొక ఉత్తరం తెచ్చింది, అంతే" అంది మిస్. నా భుజం మీద ఒకసారి తట్టి, మళ్ళీ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఉత్తరం అమ్మ చేతికిచ్చాను. అమ్మ అక్కడే నిలబడి చదివింది. చదివి, మడిచి, యూనిఫారం జేబులో పెట్టుకుంది. నా వంక చూడలేదు. వరసలో ఇంకా ఏడుగురున్నారు. ఒక్కొక్కరికే సూది వేసింది. దూదితో రుద్దడం, "బస్, హోగయా" అనడం, తర్వాతి మనిషిని పిలవడం. ఎప్పటిలాగే చేసింది, కానీ ఒకచోట దూది చేతిలోంచి జారిపోతే వంగి తీయడానికి చాలాసేపు పట్టింది. నేను గోడకానుకుని నిలబడ్డాను. నా కాళ్ళు పరుగెత్తి ఎక్కడికైనా పోదామంటున్నాయి. ఆ ఏడుగురూ అయ్యేదాకా కదలకుండా నిలబడటం కన్నా కష్టమైన పని నేను అప్పటికి చెయ్యలేదు.

చివరి మనిషి వెళ్ళాక అమ్మ నన్ను వెనకవైపు మెట్ల మీదికి తీసుకెళ్ళింది. ఎదురుగా ఆసుపత్రి దుప్పట్లు వరసలుగా ఆరేసి ఉన్నాయి, గాలికి చప్పుడు చేస్తూ. ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం.

"నువ్వు ఒక్కసారన్నా అడగలేదేంటే?" అంది అమ్మ. కోపం కాదు. దెబ్బ తగిలిన మనిషి గొంతు. "నీ తోటిపిల్లలందరూ వెళ్తున్నారు కదా, నీకూ సరదాగానే ఉందేమో అనుకున్నాను. అడిగితే నేనే ఏడ్చేస్తానేమోనని నిన్ను అడగలేదు."

"మీరు నన్ను చూడగానే మాట్లాడ్డం ఆపేసేవారు. అందుకే నేనూ అడగలేదు."

అమ్మ మళ్ళీ ఆ కాగితం తీసి చూసింది. "అన్నీ తప్పులు రాశావా? అన్నీనా?"

"గోదావరి పంజాబులో ఉందని రాశాను."

అమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. నన్ను ఒళ్ళోకి లాక్కుని చాలాసేపు అలా ఊగుతూ కూర్చుంది. యూనిఫారం నుంచి డెట్టాలు వాసన. ఎవరో లోపల్నుంచి "సిస్టర్" అని పిలిచేదాకా లేవలేదు.

మర్నాడు శుక్రవారం నాన్నతో కలిసి ముగ్గురం చాప మీద కూర్చున్నాం. నా ఎదురుగా, నన్ను పెద్దదాన్ని చేసి, మొదటిసారి అంతా చెప్పారు. అమ్మ డ్యూటీ వారం వారం మారిపోతుంది. బడి వదిలాక నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలి. షార్జా బడికి వెళ్ళడానికి దారి లేదు. నాన్న ఇక్కడికి మారాలంటే ముదీర్, అంటే క్వారీ మేనేజరు, ఒప్పుకోవాలి. ప్రయత్నించమని నేను అడిగాను. ప్రయత్నించారు కూడా. అమ్మ సెలవు పెట్టి నన్ను వెంటబెట్టుకునే షార్జా వెళ్ళి ఆ బడివాళ్ళని అడిగింది. సీట్లు లేవన్నారు. నాన్న ముదీర్‌ని రెండుసార్లు అడిగాడు. ఆయన రెండుసార్లూ కుదరదన్నాడు. వచ్చిన ప్రతి జవాబూ ఇంటికొచ్చి నాకు చెప్పేవారు.

అంటే, చివరికి, నేను అడిగింది నాకు దొరకలేదు. జూన్‌లో నేను నరసాపురం వెళ్ళాను. కానీ ఏదో ఒక పొద్దున్న మూట కట్టించి విమానం ఎక్కించినట్టు వెళ్ళలేదు. ఏ తారీఖున బయల్దేరుతున్నామో నాకు రెండు నెలల ముందే తెలుసు. అమ్మ నాతోపాటు వచ్చి పదిహేను రోజులు అక్కడే ఉండాలని నేను అడిగాను, ఉంది. ఆసుపత్రి సంగతులు ఉత్తరాల్లో రాయమని అడిగాను. రాసింది, వారానికొకటి చొప్పున ఐదేళ్ళు. చూలాలి పక్కన కూర్చుని భాష రాకుండానే ధైర్యం చెప్పడం, సూదికి భయపడి పారిపోయిన వస్తాదు, ఈద్ రోజున వార్డంతా పంచిన హల్వా. ఆ ఉత్తరాలు చదువుకుంటూనే నేను కూడా నర్సునయ్యాను.

అంతకు ముందు, మార్చిలో చివరి పరీక్షలు రాశాను. అన్నీ తెలిసినట్టే రాశాను. ముందే అయిపోయి కాలు ఊపుకుంటూ కూర్చుంటే మిస్ నా వంక చూసి, బయటికి పొమ్మని కళ్ళతో సైగ చేసింది.

బడి చివరి రోజున అందరం మిస్ చుట్టూ చేరాం. మీరు రాసిన ఉత్తరం ఎవరికి, జవాబు ఏం వచ్చిందని గోల చేశాం. చెప్పక తప్పలేదు ఆవిడకి. మా ప్రిన్సిపాల్‌కి రాసిందట. "ఆరో తరగతి పెట్టండి. పిల్లలు తల్లుల దగ్గర ఉండాలె" అని. పర్మిషన్ కావాలి, గది కావాలి, ఇప్పుడు కుదరదని ఆయన జవాబు.

"మరేం చేస్తారు మిస్?" అని బొంబాయి పిల్ల అడిగింది.

"వచ్చే ఏడు మళ్ళ అడుగుత" అంది మిస్, అది పెద్ద విషయమే కానట్టు, బల్ల మీద సుద్దముక్కలు ఏరుకుంటూ.

ఆ తర్వాత నేను ఆవిడని చూడలేదు. నేను హాస్టల్లో ఏడో తరగతిలో ఉండగా అమ్మ ఉత్తరంలో ఒక వాక్యం వచ్చింది. మీ బళ్ళో ఈ ఏడు ఆరో తరగతి పెట్టారు, మీ మిస్ మూడోసారి అడిగితే ఒప్పుకున్నారట, పెరట్లో చెక్కగది వేశారు అని. ఆ ఉత్తరం పట్టుకుని హాస్టలు వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి ఎన్నిసార్లు తిరిగానో. మాకు దక్కలేదని ఏడుపొచ్చింది. ఎవరో పదకొండేళ్ళ పిల్ల ఆ సాయంత్రం తల్లి దగ్గరే ఉంటుంది కదా అని సంతోషమూ వేసింది. రెండూ ఒకేసారి కలుగుతాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. మనసు నొచ్చుకున్నప్పుడు నా పని నేనే పాడుచేసుకుని, దాంతో ఎదుటివాళ్ళకి అర్థమయ్యేట్టు చెయ్యాలన్న బుద్ధి నాలో ఇంకా చావలేదు. మా ఆయన మీద అలిగి తిండి మానెయ్యాలనిపిస్తుంది. ఉద్యోగం చేసే రోజుల్లో పైవాళ్ళ మీద కోపమొస్తే రేపటి పని ఎలాగోలా తగలేద్దామనిపించేది. అలా అనిపించినప్పుడల్లా కాసేపు అటూ ఇటూ తిరుగుతాను. తర్వాత వెళ్ళి ఆ మనిషి ఎదురుగా నిలబడి నాకు ఏం కావాలో నోరు తెరిచి చెప్తాను. ఈ వయసులో కూడా అది తేలిక కాదు. చాలాసార్లు కాదంటారు. ఎందుకు కాదో అడిగి తెలుసుకుంటాను. అది మరీ ముఖ్యమైనదైతే, కొన్నాళ్ళాగి మళ్ళీ వెళ్ళి అడుగుతాను.